అచ్చయ్య బోరులో రాళ్ళు

రాయపూర్ గుఢియారీలో రైలు పట్టాలకు ఇవతలి సందులో అచ్చయ్యను పేరుతో అడిగితే ఎవరికీ తెలియదు. "బోరాయన ఇల్లెక్కడ?" అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు కొలిమి పక్కన కాంట్రాక్టు కూలీగా ఒళ్ళు కాల్చుకున్నందుకు ఆయనకు కొంత పీఎఫ్ డబ్బు చేతికొచ్చింది. దాన్నంతా తీసుకెళ్ళి పెరట్లో భూమిలో పోశాడు. రెండొందల ఇరవై అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. ఆ రోజు ఆయన ఏడ్చాడని భార్య నాంచారమ్మ చెబుతుంది. ఏడవలేదు, కళ్ళలో బురద పడిందని ఆయన చెబుతాడు.

పెళ్ళైన కొత్తలో బందరు దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన జంట వాళ్ళు. పిల్లల్లేరు. అచ్చయ్య మోకాలు పాడయ్యాక ఇల్లు గడిచేది నాంచారమ్మ గ్రైండరు మీదే. ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి, చుట్టుపక్కల తెలుగువాళ్ళకూ, ఇడ్లీ రుచి మరిగిన హిందీ వాళ్ళకూ అమ్మేది. బియ్యం కడగాలన్నా, పప్పు నానబెట్టాలన్నా, గ్రైండరు తోమాలన్నా నీళ్ళే కదా. బోరు ఆగితే గ్రైండరు ఆగుతుంది, గ్రైండరు ఆగితే పొయ్యి ఆగుతుంది. వాళ్ళ సంసారం మొత్తం ఆ ఆరంగుళాల గొట్టంలో ఉంది.

పక్కింటి ధనుంజయ్‌ని ఆ సందులోకి తెచ్చింది కూడా అచ్చయ్యే. కుర్రాడు మనవాడు, నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని, బుద్ధిమంతుడు అని స్థలం యజమానికి తన పూచీ మీద చెప్పి ఇప్పించాడు. ధనుంజయ్, భార్య ఫణిశ్రీ, కూతురు సాయిలక్ష్మి. ఆయన్ను బాబాయ్ అనీ, నాంచారమ్మను పిన్నీ అనీ పిలిచేవారు. గోడ మీంచి పైపు వేసి నాలుగేళ్ళు నీళ్ళిచ్చాడు అచ్చయ్య. కరెంటు ఖర్చన్నా తీసుకోమంటే నాంచారమ్మ మీద విరుచుకుపడ్డాడు. పరాయి ఊళ్ళో మనవాళ్ళ దగ్గర నీళ్ళకు డబ్బు పుచ్చుకోవడమా అని ఆయనకు రోషం.

రెండు వేల పద్దెనిమిదిలో హోలీ అయిన వారానికి మోటారు కాలిపోయింది. పరదేశి అనే మెకానిక్ వచ్చి, పైపులన్నీ పైకి లాగి, మోటారు భుజాన వేసుకుని వైండింగుకు తీసుకెళ్ళాడు. పోతూ పోతూ బోరుకు ఇనుప మూత ఒకటి కొని బిగించమన్నాడు. రెండు రోజుల భాగ్యానికి మూతెందుకని అచ్చయ్య గొట్టం మూతికి గోనెసంచి చుట్టి, పురికొసతో గట్టిగానే కట్టాడు. రెండు రోజులు మూడయ్యాయి.

మూడో రోజు మధ్యాహ్నం నాంచారమ్మ పిండి డబ్బాలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. అచ్చయ్య భోంచేసి కునుకు తీస్తున్నాడు. పెరట్లోంచి ఎవరో ఎవరితోనో కబుర్లాడుతున్నట్టు వినిపించి లేచి వచ్చాడు. ఐదేళ్ళ సాయిలక్ష్మి బోరు పక్కన కూర్చుని ఉంది. గోనెసంచి ఓ పక్కన పడి ఉంది. పిల్ల ఫ్రాకు ఒడి నిండా కంకర. వాళ్ళ నాన్న బాత్రూం కట్టించగా మిగిలి గోడ పక్కన పడి ఉన్న కుప్పలోంచి తెచ్చుకుంది.

"తాతా, ఇందులో ఎవరో ఉన్నారు," అంది గుసగుసగా. "రాయేస్తే పలుకుతున్నారు. ఇందాక ఇనప ముక్క వేస్తే గట్టిగా పలికారు."

అచ్చయ్య ముందు పిల్లను రెండు చేతులతో ఎత్తి ఇవతలికి లాగేశాడు. కాళ్ళూ చేతులూ తడిమి చూశాడు. ఆ తరవాతే కంకర కుప్ప వైపు చూశాడు. అందులో సగం లేదు. ఇటుక ముక్కలు లేవు. చువ్వల తుండ్లు లేవు. పిల్లను తిట్టడానికి నోరు తెరిచాడు గానీ, అది ఆయన మెడ పట్టుకుని "ఇంకోటి వేద్దామా తాతా?" అంటుంటే ఏం తిడతాడు? తీసుకెళ్ళి వాళ్ళమ్మకు అప్పజెప్పి వచ్చాడు.

మర్నాడు పరదేశి మోటారు దింపితే తొంభై అడుగుల దగ్గర కూర్చుండిపోయింది. ఎంత తిప్పినా కిందికి దిగలేదు.

"కాకా, లోపల చువ్వ అడ్డం పడి, దాని మీద కంకర గిట్టీ అంతా జామ్ అయిపోయింది," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మిషన్ పెట్టి క్లీనింగ్ చేయించు. అయినా గ్యారంటీ లేదు. కొత్త బోరు వేసుకోవడమే పక్కా పని."

రెండింటికీ అచ్చయ్య దగ్గర డబ్బు లేదు. అడగాల్సిన మనిషి గోడ అవతలే ఉన్నాడు. అడగడానికే ఆయనకు రెండు రోజులు పట్టింది. ఏం మాట్లాడాలో నాంచారమ్మ దగ్గర వల్లె వేసుకున్నాడు. గట్టిగా అడగమని ఆమె మరీమరీ చెప్పి పంపింది.

ధనుంజయ్ కుర్చీ వేశాడు. ఫణిశ్రీ కాఫీ ఇచ్చింది. అచ్చయ్య మోకాలి సంగతి, ఎండల సంగతి మాట్లాడి చివరికి బోరు దగ్గరికొచ్చాడు.

"పిల్ల చేసిందే బాబాయ్, కాదనను. ఇప్పుడు చేతిలో డబ్బూ లేదు," అన్నాడు ధనుంజయ్ నెమ్మదిగా. "కానీ నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. అదే పడిపోయుంటే?"

"ఆరంగుళాలే కదయ్యా గొట్టం..." అని అచ్చయ్య చేతులతో వెడల్పు చూపించబోయాడు.

ఆ చేతుల మధ్య సందు చూసేసరికి ఫణిశ్రీ బావురుమంది. పిల్లను పొట్టకు కరుచుకుని, "టీవీలో చూపిస్తారు కదా బాబాయ్‌గారూ, తాళ్ళు వేసి, కెమెరాలు దింపి..." అంటూ వెక్కిళ్ళు పెట్టింది. తల్లి ఏడుస్తుంటే పిల్లా ఏడుపందుకుంది. అచ్చయ్య చేతిలోని కాఫీ కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి నాంచారమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏవన్నారు? ఎంతిస్తారంట?"

"తప్పైపోయిందని చెప్పొచ్చానే," అన్నాడు అచ్చయ్య.

"ఎవరి తప్పు? మన బోరు పోయింది, మనవే తప్పైపోయిందని చెప్పాలా? నీలాంటోణ్ణి కట్టుకుని నా బతుకు ఇట్టా ఖరాబైంది," అని నాంచారమ్మ లోపలికెళ్ళి గిన్నెల మీద కోపం చూపించింది. కోపంగా తోమాలన్నా నీళ్ళు ఉండాలని గుర్తొచ్చి, గిన్నెలు అక్కడే వదిలేసి కూలబడింది.

ఇక మిగిలింది సూరిబాబుగారు. రైల్వేలో గుమస్తాగా రిటైరైన మనిషి, తెలుగు సంఘంలో పెద్ద. హిందీలో దరఖాస్తు రాయడంలో తనను మించినవాడు రాయపూర్ మొత్తంలో లేడని ఆయన నమ్మకం. అచ్చయ్యకు హిందీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. సూరిబాబుగారు కళ్ళజోడు సర్దుకుని, పక్కింటివాళ్ళ చేత నష్టం ఇప్పించమని మున్సిపాలిటీ జోన్ ఆఫీసుకు రెండు పేజీల కాగితం తయారుచేసి, గొంతెత్తి చదివి, తెలుగులో అర్థం చెప్పారు. అందులో 'మూడు రోజులుగా తెరిచి ఉన్న నా బోరులో' అనే మాట వచ్చింది.

"తెరిచి అని ఎందుకండీ సూరిబాబుగారూ? గోనెసంచి కట్టాను కదా," అన్నాడు అచ్చయ్య.

"తెరిచి లేకపోతే రాళ్ళెలా పడ్డాయని అడుగుతాడయ్యా ఆఫీసరు. దరఖాస్తన్నాక నిజం రాయాలి. నాకొదిలెయ్."

అచ్చయ్య ఆయనకే వదిలేసి, కింద తెలుగులో సంతకం పెట్టాడు. తన మెడకు తాడు తనే పేనుకుంటున్నానని ఆయనకేం తెలుసు, పాపం.

వారం తిరక్కుండా జోన్ ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పక్కింటి వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా బోరు దగ్గరికెళ్ళి, గొట్టం వెడల్పు టేపుతో కొలిచి, ఫోనులో నాలుగు ఫోటోలు తీసి, హిందీలో అడగడం మొదలుపెట్టాడు.

"మూడు రోజులు తెరిచి ఉంచావా?"

"సంచి కట్టాను సాబ్."

"సంచి మూతవుతుందా? నువ్వే రాసిచ్చావు కదా, తెరిచి ఉందని. ఇది నీ దస్తఖతే కదా? బోరు వేయడానికి పర్మిషన్ కాగితం ఏదీ?"

ఆ చుట్టుపక్కల ఎవరి బోరుకూ కాగితం లేదు. ఆ మాట పైకంటే అందరి కొంపలూ ముంచినవాడవుతానని అచ్చయ్య నోరు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గొంతు పెంచాడు. తెరిచిన బోరు పక్కన పసిపిల్ల ఆడుకుందంటే అది కేసని, జైలని, చుట్టూ చేరిన జనం వినేలా అరిచాడు. నష్టం అడగడానికి కాగితం పెట్టిన మనిషి ముద్దాయిలాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి బురద పడిందని చెప్పడానికి కూడా లేదు.

అప్పుడు గోడ అవతలి నుంచి ధనుంజయ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. ఇన్‌స్పెక్టరును పక్కకు తీసుకెళ్ళి మంచి హిందీలో ఏదో చెప్పాడు, టీ తాగించాడు. "మా పెద్దాయన, చదువు లేనివాడు, తెలియక చేశాడు, ఫిర్యాదు మేమేం పెట్టం" అన్న ముక్కలు అచ్చయ్య చెవిన పడ్డాయి. ఇన్‌స్పెక్టరు మెత్తబడ్డాడు. జరిమానా లేదు, కేసు లేదు. వారంలోగా బోరును సిమెంటుతో పూడ్చి ఫోటో పంపాలి, అంతే.

"భయపడకండి బాబాయ్, నేనున్నాగా," అన్నాడు ధనుంజయ్ భుజం మీద చెయ్యి వేసి.

అచ్చయ్య రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. పెట్టాక గానీ తను ఏం చేశాడో ఆయనకు తెలియలేదు.

సిమెంటు తనే కొన్నాడు. తాపీ మేస్త్రీ అరగంటలో పని ముగించాడు. పూడ్చిన బోరు పక్కన అచ్చయ్యను నిలబెట్టి ధనుంజయే ఫోటో తీసి ఆఫీసుకు పంపాడు. కొంచెం ఇటు చూడండి బాబాయ్ అంటే అచ్చయ్య ఇటు చూశాడు.

ఏప్రిల్‌లో రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది. ఆ తోపులాటలో అచ్చయ్య మోకాలు రెండుసార్లు మడతపడింది. నాంచారమ్మ గ్రైండరు మీద పాత చీర కప్పేసి, అగర్వాల్‌ల ఇంట్లో వంటకు కుదిరింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒకరింట్లో పనికెళ్ళడం ఆమెకదే మొదలు. మొదటి రోజు వెళ్తూ ఆమె ఏమీ అనలేదు. అంటే బాగుండునని అచ్చయ్యకు అనిపించింది.

నెలాఖరుకు ఒక పొద్దున సందులోకి బోరు లారీ వచ్చి ధనుంజయ్ ఇంటి ముందు ఆగింది. రోజంతా నేల అదిరింది. అచ్చయ్య గుమ్మంలో కూర్చుని అంతా చూశాడు. సాయంత్రం నీళ్ళు పడ్డాక వెళ్ళి ఒక్క మాట అడిగాడు.

"డబ్బు లేదన్నట్టున్నావు కదయ్యా ధనుంజయ్?"

"లేదు బాబాయ్. ఫణి గాజులు తాకట్టు పెట్టాం. నీళ్ళు లేకపోతే పిల్లతో ఎలా బతకాలి చెప్పండి?" అన్నాడతను. అబద్ధం చెబుతున్న ముఖం కాదు. "ఇదే డబ్బు మీ బోరుకు పెడితే నీళ్ళు మీ ఇంట్లో ఉండేవి. మా ఇంట్లో పెట్టుకుంటే మా ఇంట్లో ఉంటాయి. నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?"

నాలుగేళ్ళు తనేం చేశాడో అతనికి తెలుసు కదా, తిరిగి చెప్పడం అచ్చయ్యకు చిన్నతనమనిపించింది.

సూరిబాబుగారు మధ్యలో ఉండి తగవు తీర్చారు. రోజూ పొద్దున ఏడింటికి ధనుంజయ్ కుళాయి దగ్గర అచ్చయ్యకు రెండు బకెట్లు. మనవాళ్ళ గొడవ మనలోనే తీరిందని సంఘం మీటింగులో గొప్పగా చెప్పుకున్నారు కూడా. రెండు బకెట్లతో వంట అవుతుంది, స్నానాలవుతాయి. పిండి రుబ్బడం అవదు. ఆ ముక్క మీటింగులో ఎవరూ అడగలేదు.

జూన్ మొదట్లో ఒకరోజు, రెండో బకెట్టు తెస్తుండగా గేటు దగ్గర మోకాలు పట్టు తప్పింది. పడలేదు గానీ నీళ్ళన్నీ మట్టి పాలయ్యాయి. నాంచారమ్మ అప్పటికే పనికి వెళ్ళిపోయింది. అచ్చయ్య గోడ పట్టుకుని నిలదొక్కుకుని, ఖాళీ బకెట్టుతో మళ్ళీ కుళాయి దగ్గరికొచ్చాడు. సాయిలక్ష్మి అక్కడే ఉంది. బకెట్లు లెక్కపెట్టి కుళాయి కట్టేసే పని వాళ్ళమ్మ దానికి అప్పజెప్పింది.

"రెండూ అయిపోయాయిగా తాతా?"

"ఒకటి ఒలికిపోయిందమ్మా. ఇంకొక్కటి పట్టుకుంటాను."

పిల్ల గేటు దాకా వెళ్ళి తడిసిన మట్టి చూసి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ఒలకబోసింది నువ్వే కదా?"

"అవునమ్మా, నేనే," అన్నాడు అచ్చయ్య.

"అయితే అమ్మనడిగి వస్తా, ఉండు," అని లోపలికి పరుగెత్తింది. లోపల ఫణిశ్రీ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఆమె మాటలు అయ్యేదాకా పిల్ల గుమ్మంలో ఆగింది. అచ్చయ్య బకెట్టు పట్టుకుని ఎండలో ఆగాడు.