డేఢ్ కిలో, ఢాయీ కిలో

మొన్న కార్వాన్‌లో ఒక కిరాణా దుకాణం ముందు ఎవరో "ఢాయీ కిలో కందిపప్పు" అన్నారు. ఆ మాట వినగానే నేను అక్కడే ఆగిపోయాను.

నా చిన్నప్పుడు మేం హుస్సేనీ ఆలంలో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. బాపు జీతానికి ఇంకా వారముంది. అమ్మ లెక్కపెట్టిన డబ్బు నా గుప్పిట్లో పెట్టి, "డేఢ్ కిలో పప్పు, మిగిలినదానికి నూనె" అంది. డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర. దారిలో నాకు రెండూ కలిసిపోయాయి.

"ఢాయీనా? అమ్మ గంత ఎన్నడు తీస్కోదు కద బేటా," అన్నాడు దుకాణం భాయ్.

"ఢాయీ అనే చెప్పింది. నాకు తెల్వదా?"

పప్పుకే డబ్బంతా అయిపోయింది. నూనె లేకుండా ఇంటికొచ్చి, అమ్మ ముఖం చూసి భయపడి, "భాయే ఎక్కువ కట్టిండు" అన్నాను.

అమ్మ నన్ను లాక్కుంటూ దుకాణానికి వెళ్లింది. "పోరడని చూసి అంటగడ్తవా భాయ్? వారమంత నూనె లేకుండ ఏం వండాలె?"

గల్లీ అంతా గుమిగూడింది. భాయ్ నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

"గల్తీ నాదే అక్కా," అని కిలో పప్పు వెనక్కి పోసుకుని, నూనె కొలిచాడు.

బతికిపోయాననుకున్నాను. అమ్మ మాట విని గల్లీలో చాలామంది ఆ దుకాణానికి పోవడం మానేశారు. తర్వాత మేం జహనుమాకు మారిపోయాం.

మొన్న కార్వాన్ నుంచి రాగానే అమ్మకు నిజం చెప్పాను. అమ్మ కొంగు సవరించుకుని లేచింది.

"నడువ్, ఆ భాయ్ కాడికి పోదాం."

దుకాణం మూతపడి ముప్పై ఏళ్లయిందని నేనే చెప్పాల్సి వచ్చింది.