గంజి పెట్టిన సైకిల్ సంచులు

సిద్దిపేటలో సైకిల్ సంగతి ఎత్తితే నరహరి పేరు రాకుండా పోదు. దుబ్బాక బడిలో ఏడో తరగతి మొదటి నంబరుతో పాసైన మనిషి. పద్దెనిమిదో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు. నేసిన తువ్వాళ్లు, ఒకటి తక్కువ కాకుండా నూటిరవై, సైకిల్ వెనక కట్టుకొని ప్రతి గురువారం దుబ్బాక నుంచి సిద్దిపేట అంగడికి తొక్కుకొచ్చాడు. అట్లా పన్నెండేళ్లు. ఒక్కసారి కూడా కింద పడలేదు. తర్వాత మహారాష్ట్రలోని భివండి పోయి పంతొమ్మిదేళ్లు సాంచెలు నడిపాడు. ఒక్కొక్కరు నాలుగు మరమగ్గాలు చూసుకునే చోట ఆయన ఆరు చూసుకున్నాడు. తిరిగొచ్చి సిద్దిపేటలో స్థిరపడ్డాడు. ఇవన్నీ ఆయన నోటి నుంచే సిద్దిపేటలో సగం మంది విన్నారు. మిగిలిన సగం మంది రెండుసార్లు విన్నారు.

అరవై రెండో ఏట ఆయనకు ఒక కోరిక పుట్టింది. భివండికి అన్నేళ్లు బస్సుల్లో తిరిగాడు గానీ ఆ దారి ఎట్లా ఉంటుందో చూడలేదు. సగం నిద్రలో పోయేది, సగం పక్కవాడి భుజం అడ్డమొచ్చేది. పక్క సాంచెల మీద పనిచేసిన ఓంప్రకాశ్ ఇంకా అక్కడే ఉన్నాడు. "ఈసారి వస్తే సైకిల్ మీదనే వస్త" అని ఆయనకు ఎప్పుడో మాట ఇచ్చాడు కూడా.

పాత సైకిల్‌ను ఐలయ్య దుకాణానికి నడిపించుకొని పోయాడు. ఐలయ్య దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, బేరింగు గోలీలు మార్చి, గ్రీజు పెట్టి, కొత్త టైర్లు, కొత్త గొలుసు, కొత్త బ్రేకు రబ్బర్లు వేశాడు.

"నరహరన్నా, గిప్పుడు గంత దూరం పోయేటోళ్లు గేర్ల సైకిల్ మీద పోతున్నరు. నీకు గేర్లేవి?"

"గివి రెండు" అని నరహరి మోకాళ్లు చరిచి చూపించాడు.

సైకిల్ సరే, సామాను ఎందులో? బజారులో దొరికే సంచులు ఆయనకు నచ్చలేదు. "నేతగాడు సంచి కొంటే నవ్విపోతరు" అని, దొడ్డ నూలుతో తానే గుడ్డ నేసి, చక్రానికి చెరో పక్క వేలాడేటట్టు రెండు సంచులు కుట్టాడు. అవి నిటారుగా నిలబడాలి కదా! భార్య కొండవ్వతో చిక్కటి గంజి కాయించి, వాటిని ముంచి మూడు రోజులు ఎండబెట్టాడు. నాలుగో రోజు వేలితో కొడితే చెక్క మీద కొట్టినట్టు మోగాయి. వచ్చినవాళ్లందరికీ కొట్టి వినిపించాడు. కొండవ్వ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అంతే.

పంపు, పంక్చర్ సామాను, రెండు ట్యూబులు, రెండు జతల బట్టలు, కప్పుకునే చద్దరు, రాగి చెంబు, ఓంప్రకాశ్ కోసం డబ్బా నిండా సకినాలు. అన్నీ సంచుల్లోకి ఎక్కాయి. అప్పుడు నోరు విప్పింది కొండవ్వ.

"గిట్లనే నిండు సామానుతోని దుబ్బాకల మా అన్న ఇంటికి పోయి, సల్ల తాగి రా. దీపం పెట్టే యాళ్లకు ఇంట్ల ఉండాలె. నడుమ ఫోన్ చేసి ఆటో పంపుమన్నవో, భివండి లేదు ఏం లేదు. సైకిల్‌ను దూలానికి ఏలాడదీస్త."

"గింతేనా? కండ్లు మూసుకొని వస్త" అన్నాడు నరహరి.

పోవడం గాలిలా పోయాడు. చల్ల తాగాడు, నూటిరవై తువ్వాళ్ల సంగతి బావకు మరోసారి చెప్పాడు, వెనుదిరిగాడు. సగం దారిలో వాన పట్టుకుంది.

చెక్కల్లాంటి సంచులు నానిన అప్పడాలయ్యాయి. చక్రం చిమ్మిన గంజినీళ్లు పంచె వెనక తెల్లగా పూసుకున్నాయి. కుడి సంచి మూల చక్రం పుల్లల్లోకి జారి, పర్రుమని చినిగి, చక్రం ఆగిపోయింది. నరహరి పడలేదు, దిగాడు. ఈ మాట ఆయన ఇప్పటికీ ఇట్లాగే చెబుతాడు.

ఖాళీ ఆటో ఒకటి పక్కన ఆగింది. "తాతా, సైకిల్ మీదికెత్తి కడ్త, ఎక్కు."

చెయ్యి జేబులో ఫోన్ మీదికి పోయింది. దూలానికి వేలాడుతున్న సైకిల్ కళ్ల ముందు కనిపించింది. "నువ్వు పో బిడ్డా" అన్నాడు.

చద్దరు పరిచి సామానంతా అందులో పోసి, వెనకటి తువ్వాళ్ల మూటలా కట్టి క్యారియర్ మీద పెట్టాడు. నాలుగు అడుగులకే వదులైంది. మళ్లీ కట్టాడు, మళ్లీ జారింది. మూడోసారి కడుతుంటే గుర్తొచ్చింది: ఆ పన్నెండేళ్లూ గురువారం పొద్దున మూట కట్టింది కొండవ్వ. ఆయన తొక్కాడు, అంతే. ఈ ముక్క ఆయన చెప్పుకునే ఘనతల్లో ఏనాడూ రాలేదు.

ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో మూట పట్టుకొని, తొక్కినంత తొక్కి నడిచినంత నడిచి, కొండవ్వ దీపానికి అగ్గిపుల్ల గీస్తుండగా గడపలో నిలబడ్డాడు.

"ఏవయ్యా నీ చెక్కలు?" అంది ఆమె.

"వాన..."

"గంజి కాసింది నేను. నానితే ఏమైతదో నాకు ఎర్కలేదా?"

"మరి జెర చెప్పరాదే!"

"చెప్తే ఇంటవా? ఊరందరికీ టకటక కొట్టి చూపిస్తివి!" పకపకా నవ్వింది. ఆయనకూ ఆగలేదు. ఇద్దరి నవ్వులకు అగ్గిపుల్ల ఆరిపోయింది, ఇంకోటి గీయాల్సి వచ్చింది.

నవ్వు తగ్గాక నరహరి మెల్లగా అడిగాడు. "మరి పోవాల్నా, వద్దా?"

"ఫోన్ చేసినవా?"

"చెయ్యలే."

"మరి నన్నేమడుగుతవు? పో. మూట మాత్రం నేను కడ్త. పన్నెండేండ్లు కట్టింది నేనే గద."

"అవునే. నువ్వే" అన్నాడు నరహరి. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

దసరా అయిన మూడో పొద్దున, భివండి నాటి టార్పాలిన్ పరిచి కొండవ్వ మూట కట్టింది. మోకాలు ఆనించి తాడు గుంజింది. ఐలయ్య వచ్చి ఊపి చూశాడు, కదల్లేదు.

"రోజు సందేళ ఒక్క ఫోన్ కొట్టు" అంది.

"పసిపిలగాన్నా నేను? ఆరు సాంచెలు నడిపినోన్ని. చెయ్య." గంట మోగించి సాగిపోయాడు.

సాయంత్రానికి మెదక్ చేరాడు. చెరువులు, చెరుకు తోటలు, రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నలు, అన్నీ కళ్లారా చూశాడు. ఒక సత్రంలో దిగి, చద్దరు తీద్దామని ముడి మీద చెయ్యి వేశాడు. గోళ్లతో లాగాడు. పళ్లతో లాగాడు. పానా పెట్టి కూడా చూశాడు. తాడు కోయడానికి మాత్రం మనసొప్పలేదు. చివరికి ఫోన్ తీశాడు.

మొదటి గంటకే ఎత్తింది. "మెదక్ వచ్చినవా?"

"వచ్చిన గని... గీ ముడి ఎట్ల ఇప్పాల్నే?"

"ఎడమ కొసను లోపలికి నూకి, కుడి కొస గుంజు."

వెన్నలా విడిపోయింది. నరహరి తాడు వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు.

"మరి పొద్దున కట్టుడెట్ల?"

"పొద్దున ఫోన్ చెయ్యి, చెప్త" అంది కొండవ్వ.