మామగారి యూరియా, నా సోడా

డెబ్భైల చివర్లో మేము శాలిబండలో అద్దెకుండేవాళ్ళం. నేను ఆడపిల్లల బడిలో సైన్సు టీచరును. మావారిది సర్వే ఉద్యోగం, నెలలో ఇరవై రోజులు క్యాంపులే. ఆయన ముచ్చటపడి ముందుగదిలో అద్దాల తొట్టి పెట్టించారు. డజను గప్పీ చేపలు, ఇసుకలో నాటిన పొడుగాకుల మొక్కలు, పైన ట్యూబులైటు. పెట్టించి, ఆసారి మూడు నెలల పెద్ద క్యాంపుకు వెళ్ళిపోయారు.

ఆ నెలలోనే మామగారు మా దగ్గరికి వచ్చేశారు. కృష్ణా జిల్లాలో వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మా ఇద్దరికీ మాట్లాడుకోడానికి ఏమీ ఉండేది కాదు. "కాఫీ ఇమ్మంటారా?" "ఇవ్వమ్మా." అంతే.

ఓ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన తొట్టి ముందు గొంతుక్కూచుని ఉన్నారు.

"ఆకులు పాలిపోయాయమ్మాయ్. నత్రజని చాల్లేదు. పైపాటుగా కాస్త యూరియా వెయ్యాలి."

ఆయన నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. కాదనబుద్ధి కాలేదు.

ఉస్మాన్‌గంజ్‌లో ఎరువుల కొట్టతను మర్యాదగా అడిగాడు. "ఎన్నెకరాలు బాపూ?"

"మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు," అన్నారు మామగారు.

అతను నా వంక జాలిగా చూసి, గుప్పెడు యూరియా కాగితంలో కట్టి ఊరికే ఇచ్చాడు.

వారం తిరక్కుండా నీళ్ళు తోటకూర ఉడికించినట్టు తయారయ్యాయి. నాచు తప్ప ఏమీ పెరగలేదు. ఇద్దరం బకెట్లతో సగం నీళ్ళు తోడిపోశాం. నడుం పట్టుకుని కూర్చున్నాక చెప్పాను: "ఎరువొక్కటే చాలదు మామయ్యగారూ. మొక్కకు కార్బన్ డయాక్సైడు కూడా అందాలి."

"బొగ్గుపులుసు గాలా? పొలంలో అది ఎవరూ కొనరే! ఎక్కడ దొరుకుతుంది?"

వీధిలో గోలీ సోడా కీచుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

నేను చెంచాలు వెతికేలోపు ఆయన సీసా మొత్తం ఒంపేశారు. కాసేపటికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నేను చెంబుతో నీళ్ళు ముంచి, గాలి కలిసేలా ఎత్తునుంచి పోస్తున్నాను. ఆయన విసనకర్ర తెచ్చి తొట్టికి విసరడం మొదలుపెట్టారు. అరగంటకు చేపలు తేరుకున్నాయి, మేమింకా తేరుకోలేదు.

ఆ తర్వాత ఒప్పందానికి వచ్చాం. పొద్దున లైటు వేశాక రెండు చెంచాల సోడా, వారానికోసారి నశ్యం పట్టినంత యూరియా. ఆకు కాస్త పాలిపోతే ఆయన ఎరువు పెంచుదామనేవారు, నేను సోడా అనేదాన్ని. వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగినా మా వాదన ఆగేది కాదు.

సోడా బండతను ఓరోజు ఉండబట్టలేక అడిగాడు. "ఏంది బాపూ, రోజూ గిట్ల కొంటున్నరు? కడుపుల గ్యాసా?"

"నాక్కాదయ్యా, మొక్కలకి."

"మొక్కలకు గ్యాసా?" అని బండి వదిలేసి లోపలికొచ్చి చూశాడు. ఆకులనిండా సన్నటి బుడగలు మెరుస్తున్నాయి. "మస్తుగున్నయి భాయ్! నా సోడా తాగే గిట్లైనయా?" ఆ రోజునుంచి వీధిలో అందరికీ అతనే చెప్పుకున్నాడు.

రెండు నెలలకు తొట్టి చిట్టడవయింది. మావారు క్యాంపు నుంచి వచ్చి, సంచీ దించకుండానే అద్దానికి ముక్కు ఆనించి వెతికారు.

"నాన్నా, చేపలేవీ?"

"ఉంటాయిలేరా," అన్నారు మామగారు, తల తిప్పకుండా. "ఆకలేస్తే అవే వస్తాయి. అమ్మాయ్, ఆ మూల ఆకు చూడు, నీ సోడా ఎక్కువైంది."