రెండో తాంబూలం

మేనమామ కూతురు మేనల్లుడి సొత్తని మావాళ్ల నమ్మకం. ఆ పిల్లను బయటివాళ్లకిస్తే, పీటల మీదికి తీసుకురాకముందే బావకు కొత్త పంచె, తాంబూలం ఇచ్చి ఒప్పించాలి. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులకు వచ్చిన మా తాతలు పెట్టే బేడాతో పాటు తెచ్చుకున్న ఆచారాల్లో ఇదొకటి. ఇదెలా పుట్టిందని ఒకసారి మా అమ్మమ్మను అడిగాను.

"పూర్వం బావలు పందిట్లోకొచ్చి గొడవ సేసీవోరు. నోట్లో ఆకూ వక్కా కుక్కేస్తే మరేటి మాటాడతాడు?" అంది.

కాలేజీలో నేను చదివిన సంధి ఒప్పందాలు వేటికీ ఇంత స్పష్టమైన కారణం కనబడలేదు.

అరవైల మొదట్లో నా మరదలికి పెళ్లి కుదిరింది. అప్పటికి నేను బి.ఏ. అయి ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఉద్యోగం ఇంకా నావైపు చూడలేదు. పెళ్లికొడుకు లోకో షెడ్డులో ఫిట్టరు, మా ఊళ్లోనే పూరీ గేట్ పేట కుర్రాడు. అతని మీద నాకే విధమైన కోపమూ లేదు. అతని సైకిలుకున్న డైనమో లైటు కాస్త తక్కువ వెలిగితే బాగుండుననిపించేది, అంతే.

నా ఆశంతా ఆ తాంబూలం మీద పెట్టుకున్నాను. పిల్ల ఎలాగూ దక్కలేదు. ఆ పళ్లెం ముందు నిలబడితే, ఈ పెళ్లిలో నాకూ ఏదో పోయిందని నలుగురికీ తెలుస్తుంది, ముఖ్యంగా ఆమెకు. అందుకోబోయే ముందు ఎంతసేపు ఆగాలో అద్దం ముందు సాధన చేశాను. మరీ ఎక్కువ ఆగితే అల్లరవుతుంది, మరీ తక్కువైతే ఆకలనుకుంటారు.

పెళ్లి పొద్దుటిపూట, మామ క్వార్టరు ముందు వేసిన పందిట్లో. మామ పళ్లెం పట్టుకుని వస్తున్నాడు. నేను కండువా సర్దుకున్నాను. పళ్లెం నన్ను దాటుకుని వెళ్లి మా అన్నయ్య ముందు ఆగింది.

మా అన్నయ్యకు అప్పటికే పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఒకడు ఒళ్లోనే ఉన్నాడు. వాణ్ణి వదినకందించి, పంచె చంకలో పెట్టుకుని, అక్కడికక్కడే ఆకు నమలడం మొదలుపెట్టాడు.

"అదేటమ్మమ్మా, అన్నయ్యకి పెళ్లయిపోనాది కదా?" అన్నాను.

"అయితే ఏటి? పెద్దోడి హక్కు పెద్దోడిదే."

"మరి నాకు?"

"నీకేటిరా? నీదాకా వరసొస్తే కదా! ఎల్లి బంతిలో నీళ్లొయ్యి."

అన్నయ్యకు నామీద జాలి కలిగింది. "వక్క బాగు నేదులేరా," అన్నాడు.

ఆ విధంగా ఒకే పందిట్లో ఇద్దరి మీద అసూయపడవలసి వచ్చింది. పోగొట్టుకున్నవాళ్ల వరసలో కూడా నాది రెండో చోటే. తలంబ్రాలయ్యేదాకా రాటకానుకుని నిలబడ్డాను. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. పులిహోర వాసన వచ్చేదాకా అది చాలా గట్టి నిర్ణయం.

తల్లో బియ్యపు గింజలతో ఉన్న మరదలు అప్పుడు పక్కకు వంగి, పెళ్లికొడుకు చెవిలో ఏదో చెప్పింది. అతను నావైపు చూశాడు. ముందున్న పళ్లెంలోంచి రెండాకులూ వక్కా తీసుకుని లేచాడు. కొంగులు ముడివేసి ఉన్నాయి గనక ఆమెకూ లేవక తప్పలేదు. పందిరంతా చూస్తుండగా ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"తీసుకో దాదా," అన్నాడతను, అన్నను బెంగాలీలో పిలిచినట్టు. "పొద్దుట్నించి ఏటీ తిన్నేదంట. మీ మరదలు సెప్పింది."

ఆమె తలెత్తలేదు. "తిను చిన్నబావా," అంది.

అద్దం ముందు నేర్చుకున్నదేదీ గుర్తుకు రాలేదు. చెయ్యి చాపి పుచ్చుకున్నాను. మంచివాడు కూడా కావడం అతను నాకు చేసిన అసలు అన్యాయం. అంతకన్నా బాధ పెట్టింది ఆ గుసగుస. నా గురించి ఆమెకు తోచిన మాట ముందు అతని చెవికి చేరి, అక్కణ్ణుంచి నాదాకా రావలసి వచ్చింది. ఇకమీద అదే దారి.

ఆ తరవాత మావాళ్లలో జరిగిన మరో పెళ్లిలో ఒక చిన్నబావ తనకూ తాంబూలం కావాలని భీష్మించాడు. ఫలానా ఇంట్లో ఇచ్చారు కదా అన్నాడు. ఇచ్చారు. ఆపై పెళ్లిలో అడక్కముందే ఇచ్చారు. కొన్నేళ్లు తిరిగేసరికి, రెండో తాంబూలం ఇవ్వకపోతే పిల్లకు అరిష్టమన్నారు. మొదటిది మనుషులకనీ, రెండోది పితృదేవతలకనీ పంతులుగారు కారణం కూడా సెలవిచ్చారు. ఆ పితృదేవతను నేనేనని చెప్పుకోవడానికి మొహమాటపడ్డాను.

డెబ్బైల్లో మా బంధువుల పెళ్లికి నా మరదలూ ఆమె భర్తా వచ్చారు. రెండో తాంబూలం ఇస్తుంటే, పక్కన కూర్చున్న బెంగాలీ ఆవిడ ఇదెందుకని మరదలిని అడిగింది. వెనక వరసలో ఉన్న నేను మాటలాపి విన్నాను.

అది ఎప్పటినుంచో ఉన్నదేననీ, మా పెద్దవాళ్లు పెట్టిందనీ మరదలు బెంగాలీలో చెప్పింది. ఎంత వెతికినా ఆ గొంతులో దాపరికమేమీ దొరకలేదు. నిజంగానే మరిచిపోయింది.

ఆమె భర్త మాత్రం వెనక్కి తిరిగి, జనంలో నన్ను వెతికి పట్టుకుని, చిన్నగా తలూపాడు. అతనికి గుర్తుంది. ఆమె గుర్తుంచుకోవలసింది కూడా అతని దగ్గరే ఉండిపోయింది.