గింజ చాప దాటితే చెల్లదు

ప్రసన్నకుమారికి కాలు ఒకచోట నిలవదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. పొయ్యి మీద పాలు పెట్టి బట్ట చూడ్డానికి పోతుంది, బట్ట దగ్గర కూర్చుని పాలు పొంగాయేమోనని లేస్తుంది. కలం పట్టిందంటే మాత్రం గీత జారదు. ఆ మాట అందరికంటే ముందు ఆమే చెప్పుకుంటుందనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషిని తిరుపతిలో ఒక కళాప్రదర్శనకు లాక్కొచ్చింది అక్క కుప్పమ్మ కూతురు మహిత, బొమ్మలు గీసే చదువు చదివిన పిల్ల. దాని ఆలోచన విన్నప్పటి నుంచి ప్రసన్నకు కంటిమీద కునుకు లేదు. చూడవచ్చినవాళ్ళు చాప మీద చింతగింజలు వేయాలట. దాయాలాటలో వేస్తారే, ఒకవైపు తెల్లగా అరగదీసిన గింజలు, అవే. ఎన్ని తెల్లగా పడ్డాయో చూసి ప్రసన్న పక్కన పరిచిన గుడ్డ మీద ఆకో, పిట్టో, చేపో వేయాలి. అన్నీ తెల్లగా పడితే కలం వాళ్ళ చేతికే ఇచ్చేయాలి, తోచింది వాళ్ళే గీసుకుంటారు.

"ముక్కూ మొగం తెలీనోళ్ళ సేతికా? బెల్లం, ఇనుము ఊరేసిన నలుపే అది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడితే ఇంక పోతాదా?"

"పోకూడదనే చిన్నమ్మా. ఏం పడతాదో మనకు తెలీకుండా ఉంటేనే ఇది ఆట," అంది మహిత.

ఆటట, ఆట. ప్రదర్శన మొదలయ్యాక గింజలు గలగలమన్నప్పుడల్లా ప్రసన్న కలాన్ని దగ్గరికి లాక్కునేది. కాసేపటికి ఒక కాలేజీ కుర్రాడికి అన్నీ తెల్లగా పడ్డాయి. ఒక గింజ చాప అంచు మీద ఉంది.

"గింజ సాప దాటిందబ్బా, చెల్లదు," అంది ప్రసన్న. అతను నవ్వి మళ్ళీ వేశాడు. ఈసారి చేప వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ ఆమె చేపను వేసింది.

తర్వాత పాకాల నుంచి వచ్చిన ఒకామెకూ అన్నీ తెల్లగానే పడ్డాయి. ఈసారి గింజ దానంతటది దాటలేదు. ప్రసన్న కాలి వేలితో చాపను ఇటు లాగింది. "చెల్లదమ్మా," అంది, ఏమీ ఎరగనట్టు.

మహిత చూడనే చూసింది. చెవి దగ్గరకొచ్చి, "ఇంకోసారి చెల్లదన్నావంటే గుడ్డ చుట్టేసి ఇంటికి పోదాం చిన్నమ్మా. ఇది మోసం," అంది. ప్రసన్నకు తలకొట్టేసినట్టయింది. అయినా కాలు మాత్రం చాప అంచు వదల్లేదు.

మధ్యాహ్నం బస్సుకు కుప్పమ్మ వచ్చింది. చెల్లెలికి కలం పట్టడం నేర్పింది ఆమే. చేయి వణకడం మొదలయ్యాక ఒకనాడు ఎవరో వేయమన్న బట్ట మీద చుక్క పడింది. "నువ్వు రంగులు కలుపక్కా, సాలు," అంటూ ప్రసన్న ఆ కలాన్ని మెల్లగా లాగేసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు. కుప్పమ్మ కూడా అడగలేదు, కరక్కాయలు నూరుకుంటూ ఉండిపోయింది.

కుప్పమ్మ గింజల్ని రెండు చేతుల్లో దోసిలి పట్టి వేసింది. అన్నీ తెల్లగా, చాప నట్టనడుమ పడ్డాయి.

"చెల్ల..." అనబోయి ప్రసన్న నాలుక కరుచుకుంది.

"చిన్నప్పట్నించీ ఇదే మాట గదా నీది. నేను గెలిస్తే గింజ సాప దాటేస్తాది," అంది కుప్పమ్మ. కోపంగా అని ఉంటే ఎంతో బాగుండేది. ఆమె నవ్వుతూ అంది.

ప్రసన్న కలం అందించింది. గీత వంకరగా, వణుకుతూ పాకింది. తీగ కాబోలు. చేప దగ్గరికి వచ్చేసరికి కలం నుంచి ఒక చుక్క జారి చేప పక్కనే పడింది, చూస్తుండగానే నల్లబడింది. కుప్పమ్మ చేయి గాల్లోనే ఆగిపోయింది.

"ఇదీ చెల్లదా, ప్రసన్నా?"

ప్రసన్న చాప అంచు మీది నుంచి కాలు తీసేసింది.

"చెల్లుతాదక్కా," అంది. "నువ్వు గీయి."