అట్రాక్టా గేటు

రైళ్లు ఆగిపోయాక అట్రాక్టా జుట్టు నెరిసింది గానీ, ఆమె ఇల్లు స్లైగో జిల్లా జనం నోట ఇంకా గేటు ఇల్లే. ఆమె తల్లి అక్కడ గేటు కాపలా. రైలొస్తే గేటు రోడ్డుకు అడ్డం, పోతే పట్టాలకు అడ్డం. గేటు తిరుగుతుంటే చిన్న అట్రాక్టా అడుగు కమ్మీ మీద నిలబడి ఊగేది.

తర్వాత పట్టాలు పోయాయి, ముళ్లపొదలు వచ్చాయి. పక్క పొలం మాలకీ గేటును పట్టుకుపోయి దూడల దొడ్డికి బిగించుకున్నాడు. ఇప్పుడు ఆ పట్టాల దారినే సైకిళ్ల కోసం నున్నగా చదును చేశారు. ఈ మధ్యాహ్నమే మొదటి సైకిళ్లు వస్తున్నాయి. తన గేటు తన చేత్తో తీయాలని అట్రాక్టా పట్టు.

"గేటిచ్చెయ్ మాలకీ."

"ఇస్తే దూడల్ని నువ్వు కాస్తావా?"

"నా మంచం తీసుకో."

"ఈ వయసులో ఇదేం బేరమే పిల్లా!"

"నోర్ముయ్! అటక మీద అమ్మ ఇనప మంచముంది. తలవైపు కమ్మీలు దొడ్డికి సరిగ్గా సరిపోతాయి."

అక్కడ సగం పొలాల గండ్లకు మంచాలే తలుపులు. మాలకీ అటకెక్కి మంచం దింపాడు. మంచాన్ని నీలం తాడుతో దొడ్డికి కట్టి, గేటును ట్రాక్టరు మీద తెచ్చి పాత స్తంభం కొక్కేలకు తగిలించాడు.

అంతలో మలుపు అవతల గంటలు గణగణమన్నాయి.

"వచ్చేశారు!" అట్రాక్టా గేటును తోసింది. కదల్లేదు. తుప్పు.

"దారికే అడ్డం పెట్టి చచ్చామే!" మాలకీ తల పట్టుకున్నాడు. "విప్పేద్దామా?"

"చెయ్యేశావో, చూడు!"

ఆమె వంటింట్లోకి పరుగెత్తి వెన్న గిన్నె తెచ్చింది. కొక్కేలకు రెండు చేతులతో పులిమి, భుజం ఆనించి తోసింది. గేటు కీచుమంది, మూలిగింది, ఒక్కసారిగా కదిలింది. అట్రాక్టా ఎగిరి అడుగు కమ్మీ ఎక్కేసింది. గేటు ఆమెను మోసుకుంటూ గిర్రున తిరిగి రోడ్డుకు అడ్డంగా ఆగింది. తెరుచుకున్న దారిలోంచి సైకిళ్లు కేకలు పెడుతూ దూసుకుపోయాయి. వెన్న చేతులు ఊపి ఊపి ఆమెకు ఆయాసం వచ్చింది.

గేటు అవతల, రోడ్డు మీద, ట్రాక్టరెక్కి మాలకీ హారన్ కొట్టాడు. "నా ఇల్లు అటువైపే! పోనీవే, టీ చల్లారిపోతోంది!"

"ఆగు," అంది అట్రాక్టా, కమ్మీ దిగకుండానే. "ఇంకా వస్తున్నారు!"