కొట్టకు తమ్మీ

ఆ రోజు చంద్రపూర్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగాను. నా పాత ల్యాప్‌టాప్‌కు ఇంకో ర్యామ్ వేయిస్తే కాస్త వేగం పుంజుకుంటుందని ఆశ. ఇంత పాతదానికి దొరకదు, 'నవీన్ ఘ్యా' అన్నారు అందరూ మరాఠీలో, కొత్తది కొనుక్కోమని. బస్టాండులో రాజురా బస్సు కోసం కూర్చుని దాన్ని తెరిస్తే మళ్ళీ ఆగిపోయింది. ఒళ్ళు మండి మూత మీద ఒక్కటిచ్చాను.

"అయ్యో, కొట్టకు తమ్మీ!" నేనేదో పసిపిల్లను కొట్టినట్టే అరిచింది పక్కనున్న పెద్దావిడ. సంగతి చెప్పాను.

"నీకు గూడ 'నవీన్ ఘ్యా' అనే చెప్పిన్రా?" అని నవ్వి, సంచిలోంచి తన ల్యాప్‌టాప్ తీసింది. కంపెనీ, మోడల్ అన్నీ అచ్చం నాదే. "దీని స్క్రీన్ పోయింది, ఇగ బాగుగాదట. అండ్లున్న మా చర్చి పాటలు దుకాణపాయన పెన్‌డ్రైవ్‌ల ఏసిచ్చిండు. ర్యామ్ మంచిగనే ఉందట. నువ్వు పెట్టుకో."

నేను వద్దంటున్నా వినలేదు. తన నెయిల్ కట్టర్ చేతికిచ్చింది. దాని మొనతో మరలు విప్పుతుంటే, అవి పోకుండా కొంగు పట్టింది. ఆవిడ ర్యామ్ నాదాంట్లో పెట్టి ఆన్ చేస్తే చిటికెలో తెరుచుకుంది.

"ఇగ నా పాటొకటి పెట్టు!"

పెన్‌డ్రైవ్ పెట్టాను. పాట మొదలవగానే ఆవిడ కూడా గొంతు కలిపింది. బస్టాండంతా మావైపే చూసింది. ఇంతలో కోఠారి బస్సొచ్చింది. పెన్‌డ్రైవ్ తీసుకుని ఎక్కి, కిటికీలోంచి వేలు చూపించింది. "కొట్టకు మరి!"

ఇప్పటికీ నా ల్యాప్‌టాప్ అప్పుడప్పుడు ఆగిపోతుంది. కోపంతో చెయ్యి లేస్తుంది. లేచిన చెయ్యి మూతను ఓసారి నిమిరి వెనక్కి వస్తుంది.